పెరటి గుమ్మం నుంచి వెళ్లిపోయేవాళ్ల ఇల్లు: నిర్మాత దిల్ రాజు గారికి బహిరంగ లేఖ

దిల్ రాజు గారికి,

ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లే సినిమా అనగానే మన దగ్గర ముందు గుర్తుకొచ్చే నిర్మాత మీరే. ‘బొమ్మరిల్లు’ (2006) వచ్చిన రోజుల్లో కొడుకులు తండ్రులను వెంటబెట్టుకుని థియేటర్లకు పోయారు, ఇంట్లో చెప్పలేనిది సినిమా చేత చెప్పించడానికి. ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ (2013) ఇప్పటికీ పండగపూట టీవీలో వస్తే ఛానెల్ మార్చం. ‘శతమానం భవతి’కి (2017) జాతీయ పురస్కారం వచ్చింది. ‘సంక్రాంతికి వస్తున్నాం’ (2025) పేరులోనే పండగను పెట్టుకుని వచ్చి ఆడింది. వీటన్నిటి మధ్యలో, వీటిలో దేనితోనూ పోలిక లేని ‘బలగం’ (2023) కూడా మీ ఇంటి నుంచే వచ్చింది. అందుకే ఈ ఉత్తరం మరొకరికి కాకుండా మీకు రాస్తున్నాను. గోదావరి ఇల్లూ మీరే చూపించారు, సిరిసిల్ల వైపు చావిల్లూ మీరే చూపించారు. ఆ రెండు ఇళ్ల మధ్య దూరం మీకు తెలిసినంతగా ఇంకో నిర్మాతకు తెలియదు.

‘సీతమ్మ వాకిట్లో’ నాకు ఇష్టమైన సినిమా. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత రాసేదంతా అక్కసులా కనిపిస్తుంది. రేలంగి ఊళ్లోని ఆ ఇంట్లో అన్నదమ్ములకు సినిమా అంతా పేర్లే ఉండవు. పెద్దోడు, చిన్నోడు, అంతే. దర్శకుడు శ్రీకాంత్ అడ్డాల చేసిన చక్కని పని అది. పేరు లేకపోతే వాళ్లు ఎవరింటి పిల్లలైనా కావచ్చు. కానీ చూస్తూ పోతే, కాలేరని తెలుస్తుంది. ఎవరి వాకిట్లోనైనా ఆగి, లోపలికి రమ్మంటారా లేదా అని చూడాల్సిన అవసరం ఆ పిల్లలకు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ రాలేదు. ఉద్యోగం లేకపోవచ్చు, డబ్బున్న చుట్టం మాట అనవచ్చు, అవన్నీ బాధలే. అయినా వాళ్ల నాన్న ఊళ్లో నడిచి వెళ్తుంటే ఎదురొచ్చినవాళ్లు నవ్వి పలకరిస్తారు. ఆ పలకరింపు ఊళ్లో అందరికీ పుట్టుకతో రాదు. సినిమా కులం పేరు ఎత్తదు, ఎత్తాల్సిన పనీ లేదు. ఇంటి స్తంభాలు, వరండాలో కుర్చీ, భోజనాల దగ్గర వరస, ఎవరు ఎవరిని ‘ఒరే’ అంటారన్నది, ఇవన్నీ కలిసి ఆ పేరు చెప్పేస్తాయి.

ఒక్క ఆ సినిమా అనే కాదు. మన కుటుంబ చిత్రాలను వరసగా పెట్టుకుని చూడండి. ప్రతి సినిమాలోనూ ఒకే ఒక్క ఇల్లుంటుంది. ఆ ఇంట్లో పాలేరు ఉంటాడు, వంటమనిషి ఉంటుంది, డ్రైవరు ఉంటాడు, పెరట్లో గిన్నెలు తోమే ఆమె ఉంటుంది. అమ్మాయి ప్రేమ సంగతి ఇంట్లోవాళ్లకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. అప్పగింతల నాడు స్తంభం చాటున నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తారు. పండగ రోజు పెద్దాయన చేతి మీదుగా కొత్త బట్టలు పుచ్చుకుంటారు, అప్పుడు కెమెరా పెద్దాయన ముఖం మీదే ఉంటుంది, ఆయన ఎంత మంచివాడో మనకు తెలియాలి కాబట్టి. పొద్దు గూకాక వాళ్లు పెరటి గుమ్మం దాటి ఎక్కడికో వెళ్లిపోతారు. ఎక్కడికి? వాళ్లకూ ఒక ఇల్లుండాలి, ఆ ఇంట్లో అలిగిన అల్లుడు, మాట్లాడుకోని అన్నదమ్ములు, పెళ్లి కుదరని కూతురు ఉండాలి. కెమెరా ఒక్కసారి కూడా వాళ్ల వెనక నడవదు. నేను మీతో చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతే.

పాత్రలు పెంచమని అడగడం లేదు. హీరో పక్కన ఒక ముస్లిం స్నేహితుణ్ణి, ఆఫీసులో ఒక క్రైస్తవ అమ్మాయిని నిలబెట్టి లెక్క సరిపోయిందనుకునే పద్ధతి ఈమధ్య బాగా పెరిగింది. ఏమీ లేకపోవడం కంటే అదే నాకు ఎక్కువ చిరాకు. ఆ స్నేహితుడు హీరో కోసం దెబ్బలు తింటాడు, ఒక్కోసారి చచ్చిపోతాడు. వాళ్లమ్మ ఎవరో, ఆమె ఏం వండుతుందో మనకు తెలియదు. కుటుంబ చిత్రంలో కుటుంబం లేని మనిషిని పెట్టడం కన్నా వెలి ఏముంటుంది? ఇంట్లో తెలుగు తప్ప మరో మాట లేని దూదేకుల కుటుంబాలు గుంటూరు నుంచి కర్నూలు దాకా ఎన్నో ఉన్నాయి. తెర మీద ముస్లిం నోరు తెరిస్తే మాత్రం సగం హిందీ, సగం వెటకారం.

మన సినిమాకు ఇది మొదటినుంచీ చేతకాని పనేమీ కాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు చలం కథతో ‘మాలపిల్ల’ తీశారు. పూజారి కొడుకు, మాలపల్లి పిల్ల ప్రేమించుకున్న కథ. ఆ పిల్లగా వేసింది ఆనాటి అందాల తార కాంచనమాల. 1981లో విశ్వనాథ్ గారి ‘సప్తపది’లో ఆచారం తప్పని తాతగారే తన మనవరాలిని దళితుడి చేతిలో పెట్టడానికి సిద్ధపడతాడు. అది అచ్చంగా కుటుంబ కథే. తాత, మనవరాలు, మనవడు, పూజగది, అన్నీ ఉన్నాయి. అడ్డగోడ ఇంటి నడిమధ్యే ఉందని విశ్వనాథ్ గారికి తెలుసు కాబట్టి కథను అక్కడే నడిపారు.

‘మిస్సమ్మ’ (1955) సంగతి వేరు. ఎన్నిసార్లు చూసినా నవ్వొచ్చే సినిమా. ఉద్యోగం కోసం పెళ్లయినట్టు నటించే ఇద్దరిలో ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవురాలు. ఎంత ధైర్యమైన ఊహ! చివరికి వచ్చేసరికి ఆ మేరీ చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు గారమ్మాయి మహాలక్ష్మి అని తేలుతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చక్రపాణి గారి వ్యంగ్యం మీద నాకు ఎంతో గౌరవం ఉంది, కానీ ఆ ఊపిరి పీల్చుకోవడమే ఇన్నేళ్లూ మన కుటుంబ చిత్రాన్ని నడిపించింది. కోడలుగా వచ్చే పిల్ల చివరికి మనలోదే అని తేలాలి. 2022లో వచ్చిన ‘అంటే సుందరానికీ’ ఆ ముడిని కొంచెం విప్పింది. అందులో క్రైస్తవ కథానాయిక లీలా థామస్ చివరిదాకా లీలా థామస్‌గానే ఉంటుంది. పైగా ఆమెకొక ఇల్లుంది. ఆ ఇంట్లో తల్లి, తండ్రి, ప్రార్థన, పరువు, మొండితనం, అన్నీ సుందరం ఇంట్లో ఉన్నంత గట్టిగానే ఉన్నాయి. హాస్యం రెండిళ్ల మీదా సమానంగా పడింది కాబట్టే ఎవరికీ గుచ్చుకోలేదు.

గోదావరి జిల్లాల్లో చర్చి లేని ఊరిని వెతుక్కోవాలి. సంక్రాంతి ముగ్గులు పడేనాటికి ఇంకా కొన్ని ఇళ్ల మీద క్రిస్మస్ నక్షత్రం వేలాడుతూనే ఉంటుంది. అదే వీధిలో కోడిపందేల ఏర్పాట్లు నడుస్తుంటాయి. మన సంక్రాంతి సినిమాల్లో మాత్రం ఆ నక్షత్రం ఎక్కడా కనిపించదు. షూటింగు జరిగే రోజుల్లో దాన్ని తీయించేస్తారేమో అనిపిస్తుంది ఒక్కోసారి. కొబ్బరిచెట్లు, కాలువ గట్టు, పడవ, పూతరేకులు ఉంటే ఊరు వచ్చేసిందనుకుంటారు. ఆ కొబ్బరిచెట్ల మధ్యే, జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడం మీద 2022 మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలిపోయాయి. ఆ తర్వాత కూడా తెర మీద కోనసీమ ఎప్పటిలాగే పచ్చగా, అందరూ బాబాయి, పిన్ని అని పిలుచుకుంటూ ఉంది. అల్లర్ల మీద సినిమా తీయమని నేననడం లేదు. ఆ ఊళ్లో దళితుల పేట అనేదొకటి ఉందని, అక్కడి పిల్ల కూడా పండక్కి ఇంటికొస్తుందని, ఆమె కోసం కూడా ఎవరో అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తారని తెలిస్తే చాలు.

పూతరేకుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఆత్రేయపురంలో రేకు తీసే ఆడవాళ్లను చూశారా? బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మండుతుంటుంది. పలుచని బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ తడిపి ఆ వేడి కుండ మీద ఒక్క ఊపులో పరుస్తారు. క్షణంలో రేకు లేస్తుంది. పొగకు కళ్లు మండుతుంటాయి, పండగ సీజనులో రోజంతా ఆ కుండ ముందే. పట్నం నుంచి, పరదేశం నుంచి వచ్చిన పిల్లల కోసం పెద్దింటి వాళ్లు కొనే డబ్బాల నిండా ఉండేవి ఆమె తీసిన రేకులే. పండగ నాడు ఆమె ఇంటికి ఎవరొస్తారు? ఆమె పిల్లలు ఎక్కడున్నారు? మొన్నటిదాకా నేను కూడా ఈ ప్రశ్న వేసుకోలేదు. ఒకరోజు ఏదో సంక్రాంతి సినిమా చూస్తుంటే తట్టింది.

ఇక మన వైపు సంగతికి వస్తాను. మీది నిజామాబాద్ జిల్లా నర్సింగ్‌పల్లి. నాది జగిత్యాల వైపు. పరదేశంలో కొడుకు ఉన్నాడంటే మన ఊళ్లల్లో ఎవరికీ ముందు అమెరికా గుర్తుకు రాదు. దుబాయా, సౌదీయా, మస్కటా అని అడుగుతారు. ‘శతమానం భవతి’లో పరదేశంలో స్థిరపడ్డ పిల్లలు పండక్కి రావడం మానేశారని తండ్రి కుమిలిపోతాడు, వాళ్లను రప్పించడానికి ఒక ఎత్తు వేస్తాడు. వాళ్లు వస్తారు, తప్పు తెలుసుకుంటారు. మన పరదేశపు కుటుంబ కథలన్నిటికీ దాదాపు ఇదే దారి. పిల్లలు విలువలు మరచిపోయారు, ఊరు గుర్తు చేసింది. మరి గల్ఫ్ ఇంట్లో ఆ కథ ఎట్లా నడుస్తుంది? కొడుకు ఏమీ మరచిపోలేదు. అమ్మ గొంతు వినకపోతే వాడికి నిద్ర పట్టదు. రాకపోవడానికి కారణం పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండటం. లేదంటే ఆకామా (అక్కడ ఉండటానికి అనుమతి) గడువు తీరిపోయి ఖల్లివల్లి (కాగితాల్లేనివాడు) అయిపోయాడు, బయటికొస్తే పట్టుకుంటారు. లేదంటే వీసా కోసం ఏజెంటుకు కట్టిన అప్పు వడ్డీతో కలిపి ఇంకా తీరలేదు, ఇప్పుడొస్తే మళ్లీ పోవడానికి డబ్బుల్లేవు. ఇందులో తప్పెవరిది? ఎవరిదీ కానప్పుడు క్షమించడానికి కూడా ఎవరూ ఉండరు. మన కుటుంబ చిత్రం ఇన్నేళ్లుగా బతుకుతున్నదే క్షమాపణ మీద. చివరి రీలులో ఎవరో ఒకరు కాళ్ల మీద పడాలి. తప్పు చేసినవాడు లేని ఇంట్లో కన్నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో వెతకాలంటే రచయిత కొత్తగా ఆలోచించాలి. ఆ కష్టం పడకుండా ఉండటానికే మన కథలు అమెరికాలో ఉండిపోయాయేమోనని నా అనుమానం.

ఆ ఇళ్లను మీరు చూసే ఉంటారు. దుబాయ్ డబ్బులతో కింద స్లాబు వేశారు, పైన రెండో అంతస్తు కోసం చువ్వలు పైకి లేచి తుప్పు పట్టాయి. ముందు గదిలో పెళ్లి ఫోటో ఉంటుంది, పక్కనే పెళ్లికొడుకు ఒంటరిగా షార్జాలో ఏదో ఫౌంటెన్ ముందు దిగిన ఫోటో. బిడ్డకు పేరు పెట్టింది వీడియో కాల్‌లో. రెండేళ్లకోసారి వచ్చే తండ్రిని చూసి ఆ బిడ్డ నాయినమ్మ వెనక దాక్కుంటుంది, అలవాటయ్యేలోపు సెలవు అయిపోతుంది. నెలనెలా డబ్బులు ఎవరి పేర పంపాలన్నది మొదటి తగాదా. అత్త పేరనా, కోడలి పేరనా? ఇంతకన్నా కుటుంబ కథ ఎక్కడుంది? కొన్ని ఇళ్లకు పెట్టె వస్తుంది, శంషాబాద్ నుంచి అంబులెన్సులో. ఆ పెట్టె కోసం వారాలు, ఒక్కోసారి నెలలు ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపు రోజుల్లో ఇంట్లో వంట చెయ్యాలా వద్దా, బొట్టు తియ్యాలా వద్దా, చుట్టాలకు చెప్పాలా వద్దా అన్నది ఏ శాస్త్రంలోనూ రాసి లేదు. ఆడవాళ్లే ఏదో ఒకటి తేల్చుకుంటారు.

కోనసీమ నుంచి, రాయచోటి, రాజంపేట వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. కువైట్‌లో, మస్కట్‌లో ఇంటిపనికి పోతారు. ఖద్దామా అంటారు అక్కడ. తన పిల్లలను తల్లికి అప్పగించి, అక్కడ ఎవరి పిల్లలకో స్నానం చేయించి జడలు వేస్తుంది. ఆమె పంపిన డబ్బుతో కూతురు ఇంజనీరింగ్ చదువుతుంది. కూతురి పెళ్లికి ఆమె రాగలదా లేదా అన్నది ఒక అరబ్బు ఇంటి యజమానురాలి మనసు మీద ఉంటుంది. మన తెర మీద త్యాగమూర్తి అయిన అమ్మ ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది, ఇంటిని విడిచిపోదు. ఇంటి కోసం ఇంటినే విడిచిపోయిన అమ్మను మన కుటుంబ చిత్రం ఇంకా పలకరించలేదు.

‘బలగం’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఆగాలి కూడా. సిరిసిల్ల వైపు మనిషి వేణు యెల్దండి రాసి తీసిన సినిమా. అందులో గొడవకు మూలం నల్లి బొక్క. అల్లుడి పళ్లెంలో పడాల్సిన నల్లి బొక్క పడలేదు, అవమానం జరిగింది, ఇరవై ఏళ్లు రాకపోకలు బందయ్యాయి. అంతకుముందు మన పెద్ద కుటుంబ చిత్రాల్లో విందు అంటే అరిటాకు, పప్పు, నెయ్యి, ఆవకాయ. మాంసం ఉంటే అది తాగుబోతు కమెడియన్ పళ్లెంలో ఉండేది. మర్యాద అంతా మటన్ ముక్క చుట్టూ తిరిగే ఇళ్లు ఈ రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయో, ఆ సినిమా వచ్చాక తెలిసింది. ఇంటి పెద్ద కొమురయ్య తాత చనిపోయాక మూడొద్దులకు పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు, ఐదొద్దులకు ముట్టదు. కాకి రాకపోవడం మీద ఒక సినిమా నడిచింది! ఎవరో పెద్దాయన ప్రసంగం చేసి ఇంటిని కలపలేదు, అన్నం ముద్ద ముందు నిలబడ్డ చుట్టాల సిగ్గు కలిపింది. ఊళ్లల్లో తెరలు కట్టుకుని, ట్రాక్టర్ల మీద కూర్చుని చూశారు. ఆ సినిమా చూసి అన్నదమ్ములు కలిసిపోయారన్న వార్తలు పేపర్లలో వరుసగా వచ్చాయి. పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం వచ్చింది.

2025 జనవరిలో నిజామాబాద్ సభలో కల్లు, మటన్ గురించి మీరన్న మాట మీద రచ్చ జరిగింది. మీరు క్షమాపణ చెప్పారు, అది అయిపోయింది. దాన్ని మళ్లీ తవ్వాలని లేదు. ఒక్కటి మాత్రం అంటాను: కల్లూ మటనూ వేళాకోళంగా కాకుండా చావింటి దుఃఖంలో భాగంగా ఉన్న సినిమాను మీ సంస్థే తీసింది. ఆ సభలో మీరు చెప్పుకోవాల్సింది దాని గురించి.

అలాగని ‘బలగం’లో అన్నీ బాగున్నాయని అనను. తాత పోయిన ఇంట్లోనే అప్పు తీర్చుకోవడానికి మేనత్త కూతురు సంధ్యకు వల వేసిన మనవడు సాయిలును సినిమా మరీ తొందరగా మంచివాణ్ణి చేసేసింది. సంధ్య ఏమనుకుందో సరిగ్గా వినలేదు. ఇంకో సంగతి దీనికన్నా పెద్దది. చివర్లో వరంగల్ జిల్లా దుగ్గొండి నుంచి వచ్చిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడతారు. బుడగ జంగాల వాళ్లు. ఆ ఇంటివాళ్ల కథనే వాళ్ల ముఖాల మీద పాడుతుంటే తెర మీదా ఏడ్చారు, తెర ఇవతలా ఏడ్చారు. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆ వార్త చదివినప్పుడు నాకొక సంగతి తోచింది. సినిమాలో వాళ్లు వచ్చారు, పాడారు, ఇంటిని కలిపారు, వెళ్లిపోయారు. మన కుటుంబ చిత్రాల్లో అందరికన్నా గొప్పగా గౌరవించిన బయటివాళ్లు వాళ్లే, అయినా కెమెరా వాళ్ల వెనక పోలేదు. ఊరూరా చావిళ్లకు పోయి పాడే బుడగ జంగాల ఇంట్లో చావు జరిగితే ఎవరు పాడతారు? వాళ్ల అన్నదమ్ములకు పంచుకోవడానికి ఏ ఆస్తి ఉంటుంది, ఊళ్లా, పాటలా, వాయిద్యాలా? ఏ ఊరు ఎవరిదన్న దాని మీద తగువులు వస్తాయా? నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది. టికెట్ కొనుక్కుని తెలుసుకుంటాను.

మీరు చెప్పబోయే జవాబులు కొన్ని ఊహించగలను. కులం పేరు ఎత్తితే గొడవలవుతాయి, సెన్సారు, ధర్నాలు. నిజమే. కానీ ‘బలగం’ కూడా కులం పేరుతో నడవలేదు. తిండి, చావు, అప్పు, మాట తీరు నిజంగా ఉంటే ఆ ఇల్లు ఏదో తెలిసిపోతుంది, ఎవరూ నొచ్చుకోరు. ఇలాంటివి ఆడవు అంటారా? ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) వైజాగ్‌లోని ఆ పేట మనుషులతోనే తీశారు. అందులో అటెండరు రాజు ఉన్నాడు, వైన్ షాపులో పనిచేసే గడ్డం ఉన్నాడు, అతను ప్రేమించిన సలీమా ఉంది. మీకు నచ్చుతుందో లేదో గానీ నా దృష్టిలో ఆ దశాబ్దంలో వచ్చిన మంచి కుటుంబ చిత్రాల్లో అదొకటి. దాన్ని మాత్రం అందరూ ఇండిపెండెంట్ సినిమా అన్నారు. మన దగ్గర ఇదొక అలవాటు. భూమి ఉన్న ఇంటి గొడవ కుటుంబ కథ అవుతుంది, భూమి లేని ఇంటి గొడవ సామాజిక చిత్రమో ప్రయోగమో అవుతుంది. ‘నారప్ప’ (2021) చూడండి. ఇద్దరు కొడుకులను కాపాడుకోవాలనుకునే తల్లిదండ్రుల కథ. తీసింది ‘సీతమ్మ వాకిట్లో’ దర్శకుడే, తండ్రిగా చేసింది అందులో పెద్దోడిగా చేసిన వెంకటేషే. అయినా దాన్ని ఎవరూ కుటుంబ చిత్రమని పిలవలేదు. కొడవలి పట్టుకుంటే తప్ప ఆ ఇంటివాళ్లకు తెర మీద చోటు లేదా? పండక్కి పిండివంటలు చేసుకుంటూ, చిన్న చిన్న విషయాలకు అలుగుతూ, ఏ హత్యా జరగకుండా రెండున్నర గంటలు గడపగలిగే అదృష్టం కొన్ని ఇళ్లకే ఎందుకు?

‘ఫిదా’ (2017) కూడా మీరే తీశారు. బాన్సువాడ భానుమతి తన మాటే మాట్లాడింది, మొటిమలున్న ముఖంతోనే నవ్వింది, పెళ్లయితే నాన్నను విడిచి ఎందుకు పోవాలని అడిగింది. అప్పుడు కూడా ఆడదేమో అన్నారు చాలామంది. ఆడింది కదా.

2024 డిసెంబరులో మీకు తెలంగాణ చలనచిత్ర అభివృద్ధి సంస్థ చైర్మన్ పదవి వచ్చింది. పదవులు వస్తాయి పోతాయి గానీ, కథ వినే కుర్చీ మీ దగ్గరెప్పుడూ ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: ఈ కథలో ఎన్ని ఇళ్లున్నాయి? ఒక్కటే అయితే రెండోది ఎక్కడుందో రాసుకురమ్మని పంపండి. కథాచర్చలో కూర్చునేవాళ్లను కూడా ఒకసారి లెక్క చూడండి. వేణుకు సిరిసిల్ల తెలుసు కాబట్టి కాకి ఎందుకు రాలేదో రాయగలిగాడు. గల్ఫ్ ఇంట్లో పెరిగిన అబ్బాయో, కువైట్‌లో పనిచేసిన తల్లి కూతురో ఆ గదిలో ఉంటే, రిసెర్చ్ కోసం వారం రోజులు ఊరికి పోయి రావాల్సిన పని మీవాళ్లకుండదు. ఆడపిల్లలు ఒకరిద్దరైనా ఉంటే, అప్పగింతల సీనులో స్తంభం చాటున నిలబడ్డ ఆమెకు మాట ఉంటుంది.

డబ్బులు నెలనెలా ఎవరి పేర పంపాలన్న తగాదాతో మొదలయ్యే కథ ఒకటి మీ దగ్గరికి ఎవరైనా తెస్తే దయచేసి వినండి. తీస్తే విడుదల మాత్రం సంక్రాంతికి పెట్టకండి. ఆ పండక్కి మీ సినిమాలు ఎలాగూ వస్తాయి. మన వైపు ఇళ్లకు మనుషులు తిరిగొచ్చేది దసరాకు. ఆడబిడ్డలు బతుకమ్మకు పుట్టింటికి వస్తారు, పట్నంలో ఉన్నవాళ్లు బస్సుల్లో నిలబడైనా వస్తారు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు సెలవు పెట్టుకునేది కూడా వీలైతే ఆ రోజులకే. సెలవు దొరికినవాడు జమ్మి చేతిలో పెట్టి అమ్మానాన్నల కాళ్లు మొక్కిన మర్నాడు, ఇంట్లోవాళ్లందరినీ ఆటోలో ఎక్కించుకుని జగిత్యాలకు సినిమాకు తీసుకుపోతాడు.

ఇట్లు,
మీ సినిమాలు ఇంటివాళ్లతో కలిసి చూసే
ఒక ప్రేక్షకురాలు